సంతకం అడిగే పని

2024 సెప్టెంబరు 2న ప్రకాశం బ్యారేజీ నుంచి 11.43 లక్షల క్యూసెక్కుల నీళ్లు కిందికి వదిలారు. బ్యారేజీ కట్టాక అంత వరద ఎన్నడూ రాలేదు. మా తోట్లవల్లూరు లంకల్లో పసుపు, కంద, అరటి నీళ్లలో ఉండిపోయాయి. తెల్లారేసరికి లండన్‌లోని కృష్ణా జిల్లావాళ్ల వాట్సాప్ గ్రూపులో చందాలు మొదలయ్యాయి. బియ్యం, దుప్పట్లు, మందులు... ఎవరినీ రెండోసారి అడగాల్సిన పని పడలేదు. బడికి గదులన్నా, ఊరికి మంచినీళ్ల ప్లాంటన్నా మావాళ్లు వెనకాడరు. ఆ గుణం మీద నాకు గౌరవం ఉంది.

నా ఉద్యోగమూ ఇతరులకు డబ్బిచ్చే పనే. ఇక్కడి ఒక ఛారిటబుల్ ఫౌండేషన్‌లో, మానవ హక్కుల కోసం పనిచేసే సంస్థలకు నిధులిచ్చే విభాగంలో చాలా ఏళ్లుగా ఉన్నాను. ఏ దేశంలోనైనా ఈ పనిలో నేను చూసింది ఒకటే: ఆకలికి ఇచ్చేవాళ్లు ఎక్కువ, హక్కుకు ఇచ్చేవాళ్లు తక్కువ. మా ఊరి దగ్గర అది ఎలా ఉంటుందో ఆ వరద తర్వాత వచ్చిన ఫోన్ చెప్పింది. అమెరికాలో ఉన్న మా పెదనాన్నగారి అబ్బాయి పొలం చేసే కౌలు రైతు మాట్లాడాడు. "అమ్మాయిగారూ, బియ్యం అందాయి, దుప్పట్లూ అందాయి. పంట నష్టం రాసుకోడానికొచ్చినోళ్లు మాత్రం కార్డుందా అన్నారు. అన్నయ్యగారితో ఒక్క మాట చెప్పండి."

ఆ కార్డు పంట సాగుదారుల హక్కుల చట్టం కింద ఇచ్చేది. చట్టం 2019లో వచ్చింది. ఒప్పందం పదకొండు నెలలకే, భూమి మీద యజమాని హక్కు ఎక్కడికీ పోదు. కానీ యజమాని సంతకం లేనిదే కార్డు రాదు. డెల్టాలో దున్నేవాళ్లలో ఎందరో కౌలుదార్లే; పట్టాదార్లు హైదరాబాదులోనో డల్లాస్‌లోనో ఉంటారు. పొలం మీద పంట రుణం యజమానే తీసుకుని ఉంటే కౌలుదారుకు బ్యాంకు మళ్లీ ఇవ్వదు. అప్పుడు వడ్డీ వ్యాపారే దిక్కు.

అన్నయ్యకు ఫోన్ చేశాను. "డబ్బు కావాలంటే ఎంతైనా పంపిస్తానే, కాగితాల మీద సంతకం మాత్రం అడగకు" అన్నాడు. వాడు చెడ్డవాడు కాదు. భూమి పోతుందేమోనని భయం, అంతే. కానీ ఇచ్చేవాడి స్థానం చెక్కుచెదరనంతవరకే మన ఉదారత అని ఆ మాటతో నాకు తేలిపోయింది.

హక్కు కోసం నిలబడే పని మన ప్రాంతానికి కొత్తేం కాదు. మాకు దగ్గర్లోని ముదునూరులో గోరా 1940లో నాస్తిక కేంద్రం పెట్టి, కులాలన్నిటినీ ఒకే పంక్తిలో కూర్చోబెట్టి భోజనాలు పెట్టించారు. తన కూతురికి దళిత యువకుడితో పెళ్లి చేశారు. సాటివాళ్ల ముందు తన స్థానాన్ని పణంగా పెట్టడమంటే అది. కృష్ణ అవతల చుండూరులో 1991 ఆగస్టు 6న ఎనిమిది మంది దళితులను చంపేశారు. బొజ్జా తారకం లాంటి న్యాయవాదులు, ఆ ఊరి దళితులు పట్టువదలకపోవడంతో ప్రత్యేక న్యాయస్థానం ఆ ఊళ్లోనే పెట్టారు. తీర్పు రావడానికి 2007 దాకా పట్టింది. 21 మందికి యావజ్జీవం పడింది. 2014లో హైకోర్టు అందరినీ విడుదల చేసింది. అన్నేళ్లు సాక్షులు నిలబడటం, పనులు మానుకుని కోర్టు చుట్టూ తిరగడం ఏ దుప్పట్ల పంపిణీకీ సరితూగేది కాదు.

నా ఫౌండేషన్ డబ్బు అలాంటి పనిదాకా చేరేదీ తక్కువే. విదేశీ విరాళాల చట్టానికి 2020లో చేసిన సవరణతో ఒక సంస్థ తనకొచ్చిన విదేశీ డబ్బును మరో చిన్న సంస్థకు ఇవ్వకూడదు. కన్నబిరాన్, బాలగోపాల్ పనిచేసిన పౌరహక్కుల సంఘాలైతే సభ్యుల చందాలతోనే నడిచాయి, ఫౌండేషన్ల డబ్బు కోరలేదు. అందుకే ఊరి విషయంలో నేను చెక్కు పక్కనపెట్టి ఫోన్ పట్టుకున్నాను.

అన్నయ్యతో మళ్లీ మాట్లాడాను. చాలాసేపు వాదించుకున్నాం. చివరికి "ఆ చట్టం కాపీ పంపు, చదువుతాను" అన్నాడు. పదకొండు నెలలన్న చోట, యజమాని హక్కు పోదన్న చోట గీతలు గీసి పంపాను. లంకల్లో పొలాలున్న మిగతా చుట్టాలకూ అదే పంపుతున్నాను. ఖరీఫ్ కార్డుల సమయం వచ్చేలోపు ఒక్కొక్కరితో మాట్లాడాలి.