వలలాగే చోటు

మేముండేది చెన్నై ఉత్తరాన, కాశిమేడుకి దగ్గర్లో. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, బడికి వస్తే మళ్లీ తెలుగు. ఆదివారం తెల్లవారుజామున మాత్రం మామయ్యతో కలిసి ఒడ్డున గాలం వేయడానికి వెళ్తాను.

మామయ్య దగ్గర పెద్ద సామానేమీ లేదు. ఖాళీ ప్లాస్టిక్ సీసాకి చుట్టిన నైలాన్ దారం, దాని చివర సీసపు గుండు, కాస్త పైన రెండు చిన్న గాలాలు, ఎరకి రొయ్య ముక్కలు. అంతే. దారం విసరడం కంటే ముందు నీళ్లు చూడడం నేర్చుకోమంటాడు. అల ఎక్కడ విరిగి తెల్లగా నురుగు కడుతుందో, అక్కడ అడుగున ఇసుక మిట్ట ఉన్నట్టు. రెండు తెల్లటి చోట్ల మధ్య నీళ్లు నల్లగా, అల విరగకుండా ఉంటే అక్కడ గుంట ఉన్నట్టు. అల ఇసుకను కెలికితే పురుగులూ చిన్న రొయ్యలూ ఆ గుంటలోకి కొట్టుకొస్తాయి, వాటి కోసం చేపలు వస్తాయి. "నురుగులో వెయ్యకురా, గుంటలో వెయ్యి" అంటాడు. ఎక్కువగా పడేది కిళంగాన్. దాని నోరు చిన్నది, దారం మీద వేలు పెట్టుకుంటే సన్నగా టిక్కుమని తెలుస్తుంది. జెల్ల పడితే మాత్రం నన్ను ముట్టుకోనివ్వడు. దాని ముల్లు గుచ్చుకుంటే చెయ్యంతా సలుపుతుంది.

మేం నిలబడే చోటుని మామయ్య 'వలలాగే చోటు' అంటాడు. అక్కడ వల లాగేవాళ్లను నేనెప్పుడూ చూడలేదు. ఉన్నవన్నీ నల్ల బండరాళ్లు, రెండు రాతికట్టల మధ్య మిగిలిన కొంచెం ఇసుక. అడిగితే చెప్పాడు: తన చిన్నప్పుడు అక్కడ కరవల లాగేవారట. కరై అంటే తమిళంలో ఒడ్డు. తాడు ఒక కొస ఒడ్డున కొందరు పట్టుకుంటారు. పడవ వలను అర్ధచంద్రంలా సముద్రంలో పరిచి రెండో కొసను ఇంకాస్త దూరంలో ఒడ్డుకి తెస్తుంది. తరవాత రెండు జట్లూ లాగుతూ లాగుతూ దగ్గరికి వస్తారు. లాగడానికి చెయ్యేసిన పిల్లలకి కూడా గుప్పెడు చేపలు దక్కేవట. దీనికి పొడుగాటి, వెడల్పాటి ఇసుక ఒడ్డు కావాలి. రాళ్ల మీద కరవల లాగలేం.

మరి ఇసుక ఏమైంది? మా సోషల్ టీచర్ చెప్పారు. మన తూర్పు తీరంలో అలలు ఇసుకను ఒడ్డు వెంబడి నడిపిస్తుంటాయి. ఏడాది మొత్తం చూస్తే దక్షిణం నుంచి ఉత్తరానికి వెళ్లేదే ఎక్కువ. పందొమ్మిదో శతాబ్దం చివర్లో మద్రాసు హార్బరు కోసం సముద్రంలోకి గోడలు కట్టారు. నడిచే ఇసుక దక్షిణం పక్కనే ఆగిపోయి మెరీనా బీచి వెడల్పయింది. ఉత్తరాన మా పక్కకి రావలసిన ఇసుక రాలేదు, ఒడ్డు కోసుకుపోయింది. అందుకే ఇళ్లు కాపాడడానికి రాళ్లు పోశారు. మెరీనా అన్న పేరు కూడా 1880లలో గవర్నరుగా ఉన్న గ్రాంట్ డఫ్ పెట్టిందే, అది ఇటలీ మాట. అంటే వాళ్లకి కొత్త ఇసుకా కొత్త పేరూ వచ్చాయి. మాకు ఇసుక పోయి పాత పేర్లు మిగిలాయి.

అప్పట్నుంచి పేర్లు అడగడం నాకు అలవాటైంది. పీటరును తమిళంలో రాయప్పర్ అంటారు, రాయపురం ఆ పేరు మీద వచ్చిందే. తండయారుపేట తొండి అనే రేవు ఊరి నుంచి వచ్చిన ఒక ఫకీరు పేరట. కుప్పం అంటే బెస్తవాళ్ల పల్లె. కాశిమేడులో మేడు అంటే మిట్ట. నెల్లూరు తీరంలో జువ్వలదిన్నె ఉంది, దిన్నె అన్నా మిట్టే! మా అమ్మ వాళ్ల పెద్దలు ఆ నెల్లూరు తీరం వైపు నుంచే వచ్చారు. ఇక మనవాళ్లు ఇప్పటికీ చెన్నపట్నం అంటారు కదా, అది దామర్ల చెన్నప్ప నాయకుడి పేరు మీద వచ్చిందని చెబుతారు. 1639లో కోట కట్టుకోవడానికి ఇంగ్లీషువాళ్లకి ఈ చోటు ఇచ్చింది ఆయన కొడుకులే.

ట్యూషన్‌లో ఒకబ్బాయి నన్ను "మీ సొంతూరు ఏది?" అని అడిగినప్పుడల్లా నాకు ఏం చెప్పాలో తోచేది కాదు. మేం ఇక్కడికి వచ్చి మూడు తరాలైంది. నెల్లూరు వైపు ఊరిని నేను చూసింది ఒక్కసారే. ఇప్పుడు "కాశిమేడు" అంటాను. ఈ ఒడ్డున పేర్లు కూడా ఎక్కడెక్కడి నుంచో వచ్చి ఇక్కడివే అయ్యాయి కదా.

ఈ మధ్య బడి ఎగ్జిబిషన్ కోసం మా ఒడ్డు పటం గీశాను. ఏ పటంలోనూ లేని 'వలలాగే చోటు'ని కూడా అందులో రాశాను. మామయ్య చాలాసేపు చూశాడు. తను గాలం వేయడం మానేస్తే ఆ పేరు పలికేవాళ్లు ఉండరని తనకీ తెలుసు.

"బాగుందిరా. పక్కన తమిళంలో కూడా రాయి. వల లాగిన వాళ్లలో ఎక్కువమంది వాళ్లే" అన్నాడు.

రాశాను.