గోపురమునకు ముందు లెక్క

మా సంఘములోని యొక సహోదరి అప్పడములు చేసి అమ్ముచుండెను. ఒక్క యేడాదిలో బేరము మూడింతలాయెను. నేను సంతోషించి, “అప్పుచేసియైనను పని పెంచుమమ్మా” అని చెప్పితిని. దుకాణదారులు సరుకు అరువుగా తీసికొనిరి. మినపపప్పుకు మాత్రము ఆమె రొక్కమియ్యవలసి వచ్చెను. అమ్మకము పెరిగినకొలది చేతిలోని డబ్బు తరిగెను. వడ్డీ కట్టుటకు ఆమె గాజులు కుదువకు పోయెను. ఆ తప్పు నాదే.

1959లో బొంబాయిలో 80 రూపాయల అప్పుతో లిజ్జత్ అప్పడములు మొదలుపెట్టిన ఏడుగురు స్త్రీలు మొదటి దినమున చేసినవి నాలుగు పొట్లములే. గోపురము కట్టగోరువాడు మొదట కూర్చుండి లెక్క చూచుకొనవలెనని లూకా 14వ అధ్యాయములో ప్రభువు నేర్పలేదా? నేనది ప్రసంగించితిని గాని ఆమె లెక్క అడుగలేదు.

ఇప్పుడామె పాత బాకీ చేతికి వచ్చిన తరువాతనే క్రొత్త పిండి కలుపుచున్నది. చదువరీ, వృద్ధికొరకు ప్రార్థించునప్పుడు, ఆగి లెక్క చూచుకొను ఓర్పునుకూడ అడుగుము.