కాలువగట్టుపై సైకిలు ప్రయాణము

ధవళేశ్వరమునుండి కడియపులంకకు పోవు కాలువగట్టుత్రోవ కన్నులకు పండుగ. గతుకులచే నడుమునకు మాత్రము శిక్ష. మా తల్లిగారచ్చట నొంటరిగా నున్నారు. వారమువారము తోడు కొఱకు నింటివారిని వేడుకొనుట మాకు నచ్చదు. కావున సైకిలునే చక్కజేయించితిమి.

1888లో గాలిటైరునకు పేటెంటు పొందిన డన్లప్ అను పశువైద్యుడు, తన కుమారుని మూడుచక్రముల బండి కుదుపు మాన్పుటకే దానిని చేసెను. కుదుపును మ్రింగునది గాలియే గదా! మా 1.25 అంగుళముల టైర్లు తీయించి, చట్రమున చోటుండుటచే 1.75వి వేయించితిమి. సోదరీమణులారా, ఇచ్చట నొక చిక్కు గలదు. రెండును ‘26 అంగుళము’లే యైనను, 26×1⅜ టైరు 590 మిల్లీమీటర్ల రిమ్మునకు, 26×1.75 టైరు 559 రిమ్మునకు మాత్రమే యమరును. అంగడివాని మాట గాక టైరు ప్రక్కనున్న యంకె చూడుడు.

వెడల్పు టైరునకు గాలి తక్కువ చాలును. బరువు వెనుక నెక్కువగుటచే ముందుదానికి మఱికొంత తగ్గింతుము. రాయి తగిలినప్పుడు రిమ్ము కొట్టుకొనరాదు, అంతే. క్రిందికి దిగిన పెడలుపై మడమ నుంచినచో కాలు నిటారుగ చాగునట్లు సీటెత్తించితిమి. మిక్కిలి మెత్తని సీటే సుఖమందురు. మాకు సమ్మతము గాదు, దూరమున నదియే యొరయును.

ఇప్పుడు త్రోవలో దిగుట నడుమునొప్పిచే గాదు, నర్సరీలలో అమ్మగారికి బంతినారు కొనుటకు.