ఆ పాట ఎక్కడికి పోయింది?

సినిమా మధ్యలో తెర తెల్లబడితే మీరేం చేస్తారు? ఈల వేస్తారు, "ఒరేయ్ ఆపరేటర్!" అని అరుస్తారు. ఆ అరుపుకి పైన గదిలో ఉలిక్కిపడినవాళ్ళలో నేనూ ఒకణ్ణి.

2007లో డిగ్రీ చదువుతూ రావులపాలెంలో ఒక సినిమా హాల్లో సాయంత్రాలు అసిస్టెంటుగా చేరాను. హాలు పేరు అడక్కండి, చెప్పను. మా సీనియర్ ఆపరేటర్ని బాబాయ్ అనేవాణ్ణి. మంచి మనిషే. చేరిన రోజే మిరపకాయ బజ్జీలు తినిపించాడు. పని ఒక్కటే చేసేవాడు కాదు.

మా దగ్గర రెండు ప్రొజెక్టర్లు. ఒక్కో స్పూలు సుమారు 20 నిమిషాలు. అయిపోయే ముందు తెర పైన కుడిమూల చిన్న చుక్క మెరుస్తుంది. అది చూడగానే రెండో మిషను మోటారు వెయ్యాలి. ఏడు సెకండ్లకి ఇంకో చుక్క. అప్పుడు మార్చెయ్యాలి. కార్బన్ కడ్డీలు కాలి అరిగేకొద్దీ దగ్గరకి జరుపుతుండాలి, లేకపోతే ఎంతటి హీరోయిన్ మొహమైనా మసకబారిపోతుంది. ఇంతే పని! బాబాయ్ మొదటి చుక్కకి కునుకులో ఉండేవాడు, రెండో చుక్కకి బీడీ వెతుక్కునేవాడు.

మేనేజరుగారికి చెప్పాను. "కలెక్షనేమన్నా తగ్గిందేటయ్యా?" అన్నారు. తగ్గలేదు మరి!

ఇక లాభం లేదని నేనే అరగంట ముందొచ్చి, గేటు బ్రష్షుతో తుడిచి, కడ్డీల పొడవు చూసుకుని, చుక్కల కోసం కళ్ళు చించుకుని కూర్చునేవాణ్ణి. ఫలితం? "అబ్బాయున్నాడుగా" అని బాబాయ్ రెండో ఆటకి చాప తెచ్చుకోవడం మొదలెట్టాడు. జీతం మాత్రం ఆయనది నాకు రెట్టింపు.

మా పక్కనున్న రావులపాడులోనే పుట్టిన రేలంగిగారు 1935లో తెరమీదకి వచ్చినా, 1947లో 'గొల్లభామ'తో పేరొచ్చేదాకా సి.పుల్లయ్యగారి దగ్గర రకరకాల పనులు చేశారు. ఆయన్ని తలుచుకుని ఓర్చుకున్నాను. (ఆయనకి పైన సి.పుల్లయ్యగారు, నాకు పైన బాబాయ్! తేడా లేదూ?)

రెండో ఆట తొందరగా వదిలెయ్యడానికి బాబాయ్ దగ్గరో చిట్కా ఉండేది. పాట రీలు మొదట్లో ఉంటే దాన్ని దాటించి ఎక్కించెయ్యడం. నాలుగున్నర నిమిషాల పాటంటే 400 అడుగుల ఫిల్ము. మొదట్లో వద్దని పోట్లాడాను. ఒక రాత్రి, తెల్లారితే నాకు పరీక్ష. బాబాయ్ గుర్రు పెడుతున్నాడు. ఆ రీలు నేనే ఎక్కించాను, పాట దాటించి.

ఆట వదిలాక మెట్ల కింద ఒకాయన నిలబడి ఉన్నాడు. అరటి మార్కెట్లో గెలలు లోడెత్తే మనిషి. భుజాన తువ్వాలు నిండా అరటి సొన మరకలు. పక్కన నిద్రకళ్ళతో ఓ పిల్ల.

"ఆ పాట లేదేటండి బాబూ? మొన్న నేను చూసినప్పుడుందండి. పిల్లకి అది చూపిద్దామనే తెచ్చానండి."

"ప్రింటు పాడైందండి" అన్నాను.

"అయ్యో, అలాగాండీ!" అని నమ్మేసి, పిల్లని ఎత్తుకుని వెళ్ళిపోయాడు. తిట్టినా బాగుండేది. వెనకనుంచి బాబాయ్, "బాగా చెప్పావురా అబ్బాయ్!" అని భుజం తట్టాడు. అన్ని నెలల్లో ఆయన నన్ను మెచ్చుకున్నది అదొక్కసారే. ఆ నెలాఖరుకి మానేశాను.

ఇప్పుడా రీళ్ళూ లేవు, చుక్కలూ లేవు. సినిమా హార్డ్ డిస్కులోనో, శాటిలైట్ మీదనో వస్తోంది. ఆపరేటర్ కునుకు తీసినా తెర తెల్లబడదు. తెర మధ్యన 14 ఫుట్ ల్యాంబర్టుల వెలుగుండాలన్నది డిజిటల్ సినిమా లెక్క. దీపం ఎక్కువకాలం రావాలని వెలుగు తగ్గించి ఆడించే హాళ్ళు మాత్రం ఉన్నాయి.

మొన్న ఊరెళ్ళినప్పుడు సెకండ్ షోకి పోయాను. రాత్రి సీనులో ఎవడు ఎవణ్ణి పొడిచాడో అర్థం కాలేదు. ఇంటర్వెల్లో ఉండబట్టలేక పైకెళ్ళాను. ఓ కుర్రాడు ఫోను చూసుకుంటున్నాడు.

"వెలుగు తగ్గించారేం తమ్ముడూ?"

తలెత్తకుండానే, "ప్రింటే అలా వచ్చిందన్నయ్యా" అన్నాడు.

నేనింకేమనగలను? సమోసా కొనుక్కుని కిందికొచ్చి, మిగతా సగం ఆ మసకలోనే చూశాను.