మూడు లైన్లు, ఒక మనిషి

మొన్న సెలవుల్లో సంగం జాగర్లమూడిలో మా యానాదుల ఇళ్ళు తిరిగి, కుల ధ్రువీకరణ పత్రం లేని పిల్లల జాబితా రాశాం. ముగ్గురం, మూడు ఫోన్లు. ఒక లైన్లో పేరు, కింద తండ్రి పేరు, దాని కింద పుట్టిన తేదీ. ఆఫీసులోనేమో మనిషికి ఒకే లైను ఉండాలన్నారు. మొత్తం 64 మంది.

హాస్టల్‌కి వచ్చాక లినక్స్‌లో కూర్చున్నాం. మూడు ఫైళ్ళూ క్యాట్‌తో కలిపాం. అక్కడక్కడా ఖాళీ లైన్లు కనిపిస్తే చెత్త అనుకుని గ్రెప్‌తో తీసేశాం. తర్వాత పేస్ట్. మధ్యలో కామా పెట్టమని చెప్పి, విడివిడిగా మూడు హైఫన్లు ఇస్తే అది మూడేసి లైన్లు తీసుకుని పక్కపక్కన పేరుస్తుంది. అదే ఎస్ ఆప్షన్ ఇస్తే ఊరంతా ఒకే లైన్లోకి వచ్చేస్తుంది, జాగ్రత్త. ఎంటర్ కొట్టాం. క్షణంలో అయిపోయింది, సంబరపడ్డాం.

కిందికి దిగి చూస్తే గుండె ఆగింది. ఒకచోట తండ్రి పేరు ఉండాల్సిన చోట పుట్టిన తేదీ ఉంది. అక్కణ్ణుంచి చివరిదాకా తండ్రులు పిల్లలైపోయారు. అలాగే ఇచ్చేసి ఉంటే ఎంతమంది పిల్లలకి ఏడాది పోయేదో!

వెనక్కి వెతికితే తెలిసింది. ఒక అక్క "ఆయన సంగతి అడగొద్దు తమ్ముడూ" అంటే మాలో ఒకడు ఆ లైను ఖాళీగా వదిలాడు. మేం చెత్తని పారేసింది ఆ ఖాళీనే. మళ్ళీ తెనాలి రైలెక్కి, ఊళ్ళో దిగి ఆ అక్కనే అడిగాం. "నా పేరు రాయండి" అంది. పక్కన "తల్లి" అని రాశాం.

ఇప్పుడు కలిపే ముందు డబ్ల్యూసీతో లైన్లు లెక్కపెడుతున్నాం. 64 మందికి 192 రావాలి. అంతకుముందు 191 ఉన్నాయి, మేం చూడలేదు. లెక్క సరిపోయినా ఒక్కో వరసా పైకి చదువుతున్నాం.

మన పెద్దల పేర్లు ఒకప్పుడు నేరస్థ జాతుల చట్టం కింద రిజిస్టర్లకెక్కాయి. 1871లో మొదలైన ఆ చట్టం 1952 నాటికి దేశమంతటా పోయింది. అప్పుడు రాసింది వేరేవాళ్ళు. ఇప్పుడు మన జాబితా మనమే రాస్తున్నాం కాబట్టి తప్పు జరిగితే మనదే. మీ ఊళ్ళో రాసేటప్పుడు ఏ లైనూ ఖాళీగా వదలకండి. ఏమీ లేకపోతే "లేదు" అనైనా రాయండి.