ఓడ ఎక్కే ముందు టిప్పు సంగతి

ఈసారి పిల్లల దగ్గరికి అమెరికా వెళ్ళినప్పుడు మయామీ నుంచి బహమాస్‌కి క్రూయిజ్ బుక్ చేశారటగా! చాలా సంతోషం. మనవాళ్ళకి ఓడ ప్రయాణాలు బాగానే అలవాటవుతున్నాయి. సింగపూర్ ప్యాకేజీలలో రెండు మూడు రాత్రుల ఓడ కలిపి అమ్ముతున్నారు. 2022లో కార్డీలియా కంపెనీ వాళ్ళ ఎంప్రెస్ ఓడ మన విశాఖ నుంచే బయల్దేరి చెన్నై తిప్పి తీసుకొచ్చింది. మొదటిసారి ఎక్కేవాళ్ళు మాత్రం అందరూ నన్ను ముందుగా ఒకటే అడుగుతారు. 'టిప్పు ఎంతివ్వాలండీ? ఎవరి చేతికివ్వాలి? టికెట్‌లో అన్నీ కలిపే తీసుకున్నారు కదా, మళ్ళీ ఇదేమిటి?'

సరే, ముందు ఆ లెక్కే తేల్చేద్దాం. చాలా అమెరికా కంపెనీల ఓడల్లో టిప్పు మీరు ఇచ్చేదాకా ఆగరు. గ్రాట్యుటీ అనే పేరుతో మనిషికి, రోజుకి ఇంత అని మీ ఖాతాలో రాసేస్తారు. మామూలు క్యాబిన్‌కి అది 16 నుంచి 20 డాలర్ల మధ్య ఉంటుంది, సూట్ తీసుకుంటే ఇంకాస్త ఎక్కువ. చాలా కంపెనీలు పిల్లలకీ వేస్తాయి. మీరిద్దరూ, అమ్మాయీ అల్లుడూ కలిసి నలుగురు, నాలుగు రాత్రులు అనుకోండి. రోజుకి 18 డాలర్ల చొప్పున 288 డాలర్లు. మన డబ్బుల్లో పాతికవేల పైమాటే. చివరిరోజు పొద్దున బిల్లులో ఈ అంకె చూసి గుండె గుభేలుమనే బదులు, టికెట్ కొనేటప్పుడే ఇదీ టికెట్ ధరలో భాగమే అనుకుని పక్కన పెట్టుకోండి. ముందుగానే కట్టేసే వీలు కూడా ఉంటుంది. అల్లుడికి చెప్పి కట్టించేయండి, ఓడలో ఆ గొడవే ఉండదు. బ్రిటన్ వాళ్ళ పీ అండ్ ఓ, ఖరీదైన సిల్వర్‌సీ, రీజెంట్ లాంటి కంపెనీలు టిప్పుని టికెట్‌లోనే కలిపేస్తాయి. కాబట్టి బుక్ చేసేటప్పుడు అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే.

కొందరు చెవిలో ఒక చిట్కా చెబుతారు. 'గెస్ట్ సర్వీసెస్ కౌంటర్‌కి వెళ్ళి తీసేయమంటే తీసేస్తారు' అని. నిజమే, చాలా ఓడల్లో తగ్గించమనీ, తీసేయమనీ అడగొచ్చు. మీరు మాత్రం ఆ పని చేయకండి. ఎందుకో చెబుతాను. మీ గది రోజూ సర్దే స్టీవార్డ్, భోజనాల బల్ల దగ్గర వడ్డించే వెయిటర్, అతని సహాయకుడు, మీ కంటికి కనపడకుండా కింది అంతస్తుల్లో దుప్పట్లు ఉతికేవాళ్ళు, గిన్నెలు కడిగేవాళ్ళు వీళ్ళందరికీ పంచేది ఆ డబ్బే. చాలా ఓడల్లో వాళ్ళ రాబడిలో పెద్ద వాటా ఇదే. ఎక్కువమంది ఫిలిప్పీన్స్, ఇండోనేషియా, మన దేశం నుంచి వచ్చినవాళ్ళు. ఆరు నుంచి తొమ్మిది నెలలు ఇంటి మొహం చూడకుండా పనిచేస్తారు. నావికుల పనివేళల మీద 2006 నాటి అంతర్జాతీయ ఒప్పందం ఉంది. అది పెట్టిన పరిమితే రోజుకి 14 గంటలు, వారానికి 72 గంటలు. కంపెనీ జీతం తక్కువ పెట్టి ఆ భారం ప్రయాణికుల మీదకి నెట్టడం న్యాయమా అంటారా? కాదనే నేనూ అంటాను. కానీ కౌంటర్ దగ్గర మనం కోయించిన డబ్బు గది సర్దే ఆ కుర్రాడి జేబులోంచే పోతుంది. గది శుభ్రంగా లేకపోతే, భోజనం ఆలస్యమైతే ఆ రోజే చెప్పండి. సరిచేస్తారు. కడుపు మీద కొట్టడం వద్దు.

అలాగని కట్టిందే మళ్ళీ కట్టనక్కర్లేదు. బార్‌లో కాక్‌టెయిల్ తీసుకున్నా, కూల్‌డ్రింక్ కొన్నా 18 నుంచి 20 శాతం సర్వీసు ఛార్జి దానికదే పడుతుంది. పది డాలర్ల గ్లాసు పన్నెండు దాకా అవుతుందన్నమాట. సంతకం పెట్టే చీటీలో కింద అదనపు టిప్పు కోసం ఇంకో ఖాళీ గీత ఉంటుంది. దాన్ని వదిలేసినా ఎవరూ ఏమీ అనుకోరు. స్పాలో కూడా అంతే, ముందు బిల్లు చదవండి.

చేతికి ఇవ్వాల్సిన చోట్లు కొన్ని ఉన్నాయి. రేవు దగ్గర కారు దిగగానే పెట్టెలు అందుకునే పోర్టర్లు ఓడ సిబ్బంది కారు, మీ గ్రాట్యుటీలో వాళ్ళకి వాటా లేదు. పెట్టెకి ఒకటి రెండు డాలర్లు ఇవ్వండి. గదికి భోజనం తెచ్చినవాళ్ళకి రెండు మూడు డాలర్లు, ఒడ్డున ఊరు చూపించిన గైడ్‌కీ డ్రైవర్‌కీ ఎంతో కొంత. ఓడలో మిగతా ఖర్చంతా గది తాళం కార్డు మీదే నడుస్తుంది కాబట్టి, ఒక డాలరు, అయిదు డాలర్ల నోట్లు కొన్ని ఇంటి దగ్గరే మార్చి పెట్టుకోండి.

ఇక భోజనం. శాకాహారులైతే మొదటి రాత్రే డైనింగ్ హాల్లో హెడ్ వెయిటర్‌ని పలకరించి, ఉల్లి వెల్లుల్లి తింటారో లేదో, కారం ఎంత కావాలో చెప్పండి. ఒకరోజు ముందు చెబితే పప్పూ కూరా ప్రత్యేకంగా చేయించి పెట్టే ఓడలు చాలా ఉన్నాయి. అలా మీ కోసం శ్రమపడిన మనిషికి చివరి రాత్రి విడిగా ఓ ఇరవై డాలర్లు కవరులో పెట్టి ఇస్తే అది అసలైన టిప్పు. రైస్ కుక్కర్, కెటిల్, ఇస్త్రీపెట్టె మాత్రం సర్దుకోకండి. అగరుబత్తులు, దీపాలూ అంతే, తనిఖీలో తీసేసుకుంటారు. సముద్రం మధ్యలో నిప్పుని మించిన భయం లేదు. పొద్దున్నే దండం పెట్టుకోవడానికి డెక్ మీద సూర్యుడు ఎదురుగానే ఉంటాడు.

కాగితాల సంగతి పిల్లలకి గట్టిగా చెప్పండి. బహమాస్ వెళ్ళి రావడమంటే అమెరికా దాటి మళ్ళీ ప్రవేశించడమే. మీ వీసా ఎక్కువసార్లు రానిచ్చేదై ఉండాలి. హెచ్1బీ మీద ఉన్న అల్లుడి పాస్‌పోర్టులో వీసా స్టాంపు గడువు దాటిపోయి ఉంటే, చేతిలో ఐ-797 అనే ఆమోద పత్రం ఉంది కదా అని ఆ ఓడ ఎక్కకూడదు. ఆ కాగితం అమెరికాలో ఉండనిస్తుంది గానీ బహమాస్ నుంచి తిరిగి రానివ్వదు. సింగపూర్ ఓడకీ ఇదే లెక్క, ఓడ మలేషియా వెళ్ళొస్తే సింగపూర్‌లోకి మీరు రెండోసారి అడుగు పెడుతున్నట్టే.

ఎక్కే రోజు పెద్ద పెట్టెలు గదికి చేరేసరికి సాయంత్రం అవుతుంది. బీపీ, షుగర్ మాత్రలు, పాస్‌పోర్టు, ఓ జత బట్టలు చేతిసంచిలోనే ఉండాలి. ఎక్కగానే మస్టర్ డ్రిల్ ఉంటుంది. ప్రమాదం వస్తే ఎక్కడ చేరాలో, లైఫ్ జాకెట్ ఎలా తొడుక్కోవాలో చూపిస్తారు. ఏడు పొట్టి కూతలు, ఒక పొడుగు కూత వినపడితే అది ప్రమాద సంకేతం. 2012 జనవరి 13న ఇటలీ తీరంలో కోస్టా కాంకోర్డియా ఒరిగిపోయి 32 మంది చనిపోయారు. ఆ రోజు ఎక్కిన వందలాది మందికి అప్పటికింకా డ్రిల్ జరగనే లేదు. ఆ తర్వాతే ఓడ కదిలే ముందే, లేదా కదిలిన వెంటనే డ్రిల్ జరగాలని నియమం మార్చారు. కాబట్టి బఫే దగ్గర వరస పెద్దదిగా ఉన్నా సరే, ముందు డ్రిల్.

ఫోను ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి. సముద్రం మీద ఓడ టవరు పట్టుకుంటే వచ్చే బిల్లు టిప్పుల్ని మించిపోతుంది. ఒడ్డుకి దిగినప్పుడు మీ ఫోను చూపే టైము వేరు, ఓడ టైము వేరు కావచ్చు. చేతి గడియారం ఓడ టైముకి తిప్పుకుని, వాళ్ళు చెప్పిన వేళకి గంట ముందే వచ్చేయండి. సొంతంగా తిరగడానికి వెళ్ళి ఆలస్యమైతే ఓడ ఆగదు. భోజనానికి ముందు సబ్బుతో చేతులు కడుక్కోండి. ఓడల్లో వాంతులూ విరేచనాలూ తెచ్చే నోరోవైరస్‌కి శానిటైజర్ సరిపోదు.

చివరి మాట. సిబ్బంది చొక్కా మీద పేరూ, దేశమూ రాసి ఉంటాయి. రోజూ ఆ పేరుతో పిలవండి, ఇంట్లో పిల్లలెంతమందో అడగండి. మనవాళ్ళకి ఆ పలకరింపు ఎవరూ నేర్పక్కర్లేదు. దిగాక కంపెనీ పంపే అభిప్రాయాల ఫారంలో ఆ పేరు రాయించండి. పై అధికారులు చూస్తారు, పదోన్నతికి అక్కరకొస్తుంది. పైసా ఖర్చులేని టిప్పు అది. డబ్బు లెక్క ఇంటి దగ్గరే తేల్చుకుని ఎక్కితే, ఓడలో మనుషుల్ని పట్టించుకోవడానికి మీకు తీరిక దొరుకుతుంది. వెళ్ళిరండి, వచ్చాక కబుర్లన్నీ చెప్పాలి.