తెలియకా? చేయి తిరగకా?

నాన్నగారి బదిలీతో విశాఖ నుంచి సూరత్ వచ్చిన కొత్తలో మా అన్నాచెల్లెళ్లకు పాత పోకెమాన్ యెల్లో ఆటే తోడు. 1998 నాటిది. అందులో మొదటి జిమ్ నాయకుడు బ్రాక్ చేతిలో మా పికాచూ ఎన్నిసార్లు ఓడిందో! ఆట మాకు చేతకాదనుకున్నాం. తీరా చూస్తే బ్రాక్ ఆనిక్స్‌ది నేల జాతి కూడా; దానిమీద కరెంటు దెబ్బ పనిచేయదు. మ్యాంకీని పట్టుకొచ్చి తన్నించాం, గెలిచాం. మా వేళ్లకు కొత్త నేర్పేమీ రాలేదు. సంగతి తెలిసింది, అంతే.

అన్నిటికీ తెలిస్తే చాలనుకున్నాం. ఉత్తరాయణం నాడు మేడమీద ఆ ధీమా తెగిపోయింది. దారం ఎప్పుడు వదలాలో, ఎప్పుడు లాగాలో పక్కింటివాళ్లు ముందే చెప్పారు. అయినా "కాప్యో ఛే!" అని అరిచింది వాళ్లే, తెగింది మా గాలిపటమే.

గుజరాతీకి రెండూ కావాల్సి వచ్చాయి. హిందీ అక్షరాల పైగీత తీసేస్తే చాలా అక్షరాలు పోల్చుకోవచ్చని తెలిశాక భయం పోయింది. కానీ బస్సు కదిలేలోగా బోర్డు చదవడానికి మూడు నెలలు పట్టింది.

రేపు మరో ఊరికి బదిలీ అయినా "మాకు రాదు" అనం. తెలియక రాకపోతే అడుగుతాం. చేయి తిరగక రాకపోతే రోజూ చేస్తాం.